పన్నెండో నేమ్‌స్పేస్‌కి నెట్‌వర్కు ఎందుకు రాలేదంటే

ప్రశ్న: విజయనగరంలో మా ఇంజినీరింగు కాలేజీ ల్యాబులో కుబర్నెటీస్ క్లస్టర్ (యాప్‌లని చాలా కంప్యూటర్ల మీద నడిపే వ్యవస్థ, అందులో ఒక్కో కంప్యూటరు ఒక నోడ్) పెట్టాం, నెట్‌వర్కుకి వీఎంవేర్ వాళ్ల ఎన్‌ఎస్‌ఎక్స్. 24 జట్లకి తలా ఒక నేమ్‌స్పేస్ (క్లస్టర్‌లో ఒక విడి గది లాంటిది) ఇవ్వాలి. నేమ్‌స్పేస్ చేయగానే దాని నెట్‌వర్కు దానంతటదే వస్తుందన్నారు. 11 జట్లకి వచ్చింది. 12 నుంచి నేమ్‌స్పేస్ 'యాక్టివ్' అనే చూపిస్తోంది గానీ పాడ్‌లు (యాప్ నడిచే పెట్టెలు) అన్ని నోడ్‌ల మీదా 'కంటెయినర్ క్రియేటింగ్' దగ్గరే ఆగిపోతున్నాయి. ఆగిన నేమ్‌స్పేస్‌లని రెండు మూడుసార్లు చెరిపి మళ్లీ చేశాను. సెట్టింగులు విడిగా రాసి పంపాను. ర్యామ్ పెంచాలా?

మాస్టారూ, ర్యామ్ కొనడానికి ఇండెంటు రాసి ఉంటే ముందు అది చింపేయండి. మెమరీయో సీపీయూనో చాలకపోతే పాడ్ 'పెండింగ్'లో ఉండిపోతుంది, దానికి నోడే దొరకదు. మీ పాడ్‌లకి నోడ్ దొరికింది. అక్కడ దిగి ఐపీ కోసం కూర్చున్నాయి. 'కంటెయినర్ క్రియేటింగ్' దగ్గర ఆగిందంటే చాలావరకు మూడింట్లో ఒకటి: ఇమేజ్ (యాప్ ప్యాకేజీ) ఇంకా దిగుతోంది, వాల్యూమ్ (డేటా దాచే డిస్కు) తగులుకోలేదు, లేకపోతే నెట్‌వర్కు రాలేదు. పాడ్‌ని 'డిస్క్రైబ్' చేసి అడుగున ఈవెంట్లు చూడండి. 'ఫెయిల్డ్ క్రియేట్ పాడ్ శాండ్‌బాక్స్' అని మళ్లీ మళ్లీ పడుతుంటే దాదాపుగా మూడోదే. శాండ్‌బాక్స్ అంటే పాడ్ ఖాళీ చట్రం, నెట్‌వర్కు తగిలేది దానికే. ఇమేజ్ దింపడం అది తయారయ్యాకే మొదలవుతుంది.

జవాబు మీరు రాసిన సెట్టింగుల్లోనే ఉంది. కంటెయినర్ ఐపీ బ్లాకు (పాడ్‌లకి పంచే అడ్రసుల మొత్తం) 172.20.0.0/20. సబ్‌నెట్ ప్రిఫిక్స్ (ఒక్కో నేమ్‌స్పేస్‌కి ఆ బ్లాకులోంచి ఎంత ముక్క కోయాలో చెప్పే అంకె, అంకె పెరిగితే ముక్క చిన్నది) ముట్టుకోలేదన్నారు, అంటే డిఫాల్టుగా 24. ఒక /20లో /24లు ఎన్ని? పదహారు. పదహారు జట్లకి రావాలి కదా, పదకొండుకే ఎందుకాగింది? క్లస్టర్ నిలబెట్టిన రోజునే మీరు చేయని నేమ్‌స్పేస్‌లు ఐదు పుట్టాయి: డిఫాల్ట్, క్యూబ్-సిస్టమ్, క్యూబ్-పబ్లిక్, క్యూబ్-నోడ్-లీజ్, ఎన్‌ఎస్‌ఎక్స్-సిస్టమ్. అవి కూడా తలా ఒక /24 పట్టుకుపోయాయి. పదహారులో ఐదు పోతే పదకొండు. క్యూబ్-పబ్లిక్‌లో పాడ్ అన్నదే సాధారణంగా ఉండదు, అయినా 256 అడ్రసులు దాని పేర పడి ఉన్నాయి. పెళ్లికి రాని చుట్టానికి కూడా విస్తరేసి ఉంచినట్టు. పన్నెండో జట్టు వచ్చేసరికి బంతిలో చోటు లేదు.

ఇది 'దానంతటదే' అన్న మాట తెచ్చిన తంటా. నేమ్‌స్పేస్ అంటే ఎట్‌సీడీలో (క్లస్టర్ చిట్టా దాచే డేటాబేసు) ఒక రికార్డు, అంతే. దానికి ఉండే దశలు రెండే: యాక్టివ్, టెర్మినేటింగ్. 'నెట్‌వర్కు రెడీ' అన్న దశ అందులో లేనే లేదు. కాబట్టి యాక్టివ్ అని పచ్చగా కనిపించినా నెట్‌వర్కు గురించి అది మీకేమీ చెప్పడం లేదు. ఊరి చివర లేఅవుట్ వేసి రాళ్లు పాతినంత మాత్రాన కుళాయి నీళ్లు రావు కదా. రాళ్లు పాతారని చూసి గొట్టం వేసేవాడు వేరే ఉంటాడు. ఇక్కడ వాడి పేరు ఎన్‌సీపీ, ఎన్‌ఎస్‌ఎక్స్ కంటెయినర్ ప్లగిన్. క్లస్టర్‌కి వచ్చే ఆదేశాలన్నీ తీసుకునే ఏపీఐ సర్వర్ మీద ఎప్పుడూ ఓ కన్నేసి ఉంచుతాడు. కొత్త నేమ్‌స్పేస్ కబురు అందగానే వరసగా ఇవి చేస్తాడు: ఐపీ బ్లాకులోంచి ఒక సబ్‌నెట్ కోస్తాడు, ఆ సబ్‌నెట్‌తో ఒక సెగ్మెంటు (సాఫ్ట్‌వేర్ స్విచ్చు లాంటిది) కడతాడు, దాన్ని టియర్-1 రూటరుకి కలుపుతాడు (మీ సెట్టింగుని బట్టి నేమ్‌స్పేస్‌కొక రూటరు, లేదా అందరికీ కలిపి ఒకటే), ఆ టియర్-1 పైన బయటి నెట్‌వర్కు వైపుండే టియర్-0 రూటరుకి కలిసి ఉంటుంది, బయటి పూల్‌లోంచి ఒక ఐపీ తీసి ఎస్‌నాట్ రూల్ (బయటికెళ్లే ప్యాకెట్టు మీద పాడ్ అడ్రసు తీసి ఈ ఐపీ వేసే నియమం) రాస్తాడు. తరవాత ఆ నేమ్‌స్పేస్‌లో పాడ్ పుడితే ఆ సబ్‌నెట్‌లోంచి ఐపీ, సెగ్మెంటు మీద ఒక పోర్టు. నోడ్ మీదుండే ఏజెంటు పాడ్‌ని నోడ్ లోపలి సాఫ్ట్‌వేర్ స్విచ్చు ఓపెన్ వీస్విచ్‌కి తగిలిస్తుంది.

ఈ వరసలో మొదటి మెట్టు దగ్గరే మీ పన్నెండో జట్టు జారింది. సబ్‌నెట్ లేక సెగ్మెంటు లేదు, సెగ్మెంటు లేక పోర్టు లేదు, పోర్టు లేక ఐపీ లేదు. కుబర్నెటీస్ వైపు నుంచి చూస్తే మాత్రం నేమ్‌స్పేస్ నిక్షేపంగా ఉంది.

నా మాట మీద నమ్మకం అక్కర్లేదు, ఇలా చూసుకోండి. పాడ్‌ల జాబితాని 'వైడ్' ఆప్షన్‌తో తీసి నోడ్ కాలమ్ చూడండి. ఆగిపోయిన పాడ్‌లన్నీ ఒకే నోడ్ మీదుంటే అది వేరే జబ్బు: ఎన్‌ఎస్‌ఎక్స్‌లో ఆ నోడ్ పోర్టుకి రెండు ట్యాగులుండాలి, ఒకటి నోడ్ పేరు, రెండోది క్లస్టర్ పేరు. వాటిలో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ నోడ్ మీదకెళ్లిన ప్రతి పాడూ ఇలాగే కూర్చుంటుంది. మీ దగ్గర అన్ని నోడ్‌ల మీదా ఆగుతున్నాయి, కానీ 12 తరవాతి నేమ్‌స్పేస్‌లవే. నోడ్ వారీగా ఆగితే ట్యాగులు, నేమ్‌స్పేస్ వారీగా ఆగితే బ్లాకు. తరవాత ఎన్‌ఎస్‌ఎక్స్ మేనేజర్‌లో ఐపీ బ్లాకు తెరిచి ఎన్ని సబ్‌నెట్లు కోశారో లెక్కపెట్టండి, పదహారు కనిపిస్తాయి. సెగ్మెంట్లని 'ఎన్‌సీపీ/ప్రాజెక్ట్' ట్యాగుతో వెతికితే ఏది ఏ నేమ్‌స్పేస్‌దో తెలుస్తుంది. పన్నెండో జట్టుది ఉండదు. చివరగా ఎన్‌సీపీ పాడ్ లాగ్‌లో ఆ నేమ్‌స్పేస్ పేరుతో వెతకండి. ఎన్‌సీపీకి రెండు మూడు రెప్లికాలు (నకళ్లు) ఉంటే పనిచేసేది ఒక్కటే, మిగతావి కాపలా. ఖాళీ లాగ్ చూసి 'ఎర్రరేమీ లేదు' అనుకునేవాళ్లు చాలామంది కాపలావాడి లాగ్ చూసినవాళ్లే.

ఇక మందు. చాలామంది ముందు చేసే పని ప్రిఫిక్స్‌ని 24 నుంచి 26కి మార్చడం. ఆలోచన మంచిదే: ఒక /26లో 64 అడ్రసులు, నెట్‌వర్కుది, బ్రాడ్‌కాస్టుది, గేట్‌వేది తీసేస్తే 61. ఒక జట్టు ఫ్లాస్కు యాప్, డేటాబేసు, రెడిస్ నడుపుకోడానికి అది ఎక్కువే. కానీ మీకిప్పుడు అదొక్కటే చేస్తే లాభం లేదు. కొత్త ప్రిఫిక్స్ కొత్తగా కోసే సబ్‌నెట్లకే వర్తిస్తుంది. పాత పదహారు /24లూ అలాగే ఉంటాయి, బ్లాకులో కోయడానికి ముక్క లేదు. అందుకని రెండూ కలిపి చేయాలి. ఎన్‌ఎస్‌ఎక్స్‌లో 172.20.16.0/20 అని ఇంకో బ్లాకు చేయండి (మొదటిది 172.20.15.255 దగ్గర అయిపోతుంది కాబట్టి ఇది దాని మీద పడదు). ఎన్‌సీపీ కాన్ఫిగ్‌మ్యాప్‌లో (దాని సెట్టింగుల ఫైలు) కంటెయినర్ ఐపీ బ్లాకుల వరసలో పాతదాని పక్కన కామా పెట్టి కొత్తదాన్ని చేర్చండి. ప్రిఫిక్స్ 26 చేయండి. తరవాత ఎన్‌సీపీ డిప్లాయ్‌మెంటుని రీస్టార్ట్ చేయండి. ఆ ఫైలుని అది లేచేటప్పుడే చదువుతుంది, కాన్ఫిగ్‌మ్యాప్ మార్చి ఊరికే చూస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది గానీ ఏమీ జరగదు. కొత్త /20లో /26లు 64 వస్తాయి. మీకు కావలసినవి ఇంకో 13.

పాత బ్లాకుని తీసేసి దాని స్థానంలో కొత్తది రాయకండి. మొదటి పదకొండు జట్ల సబ్‌నెట్లు దాని మీదే బతుకుతున్నాయి.

బ్లాకు ఎంచుకునే ముందు కాలేజీ నెట్‌వర్కు చూసుకునే ఆయన్ని ఒక్క మాట అడగండి: 172.20 క్యాంపస్‌లో ఇంకెక్కడైనా వాడారా అని. హాస్టల్ వైఫైకో, సీసీ కెమెరాలకో అదే రేంజి ఇచ్చి ఉంటే పాడ్‌లు వాటి వైపు వెళ్లలేవు. ఆ అడ్రసు క్లస్టర్ లోపలిదే అనుకుని ప్యాకెట్టు లోపలే తిరిగి పోతుంది. అడిగితే 'ఖాళీయే లెండి' అంటారు. షీటు చూపించమనండి. మన దగ్గర చాలా కాలేజీల్లో ఐపీల షీటు ఒక మనిషి బుర్రలో ఉంటుంది, ఆ మనిషి సెలవులో ఉంటాడు.

ఇప్పుడు పన్నెండోది పని చేస్తుంది. సంబరపడేలోగా రెండో గోడ గురించి కూడా చెప్పేస్తాను, ఎందుకంటే మీరు దాన్ని వచ్చే వారం గుద్దుకుంటారు. బయటి ఐపీ పూల్ 192.168.50.101 నుంచి 120 దాకా అన్నారు. ఇరవై. నేమ్‌స్పేస్‌కి ఒక ఎస్‌నాట్ ఐపీ చొప్పున సిస్టమ్‌వి ఐదు, జట్లవి 24, మొత్తం 29 కావాలి. పదిహేనో జట్టు దాకా వస్తుంది, పదహారో జట్టు దగ్గర మళ్లీ ఆగుతుంది. పైగా లోడ్ బ్యాలెన్సర్ సర్వీసులకి (యాప్‌ని బయటివాళ్లకి తెరిచేవి) వేరే పూల్ చూపించకపోతే అవి కూడా ఇందులోంచే తీసుకుంటాయి. ఎవరో కుర్రాడు ఇంటర్నెట్‌లో చూసిన యామిల్ సెట్టింగు ఫైలులో సర్వీస్ టైపు 'లోడ్ బ్యాలెన్సర్' అని ఉంటే అలాగే అతికించేస్తాడు, మీ పూల్‌లో ఇంకొకటి హుష్‌కాకి. పూల్‌ని కనీసం 40కి పెంచండి, లోడ్ బ్యాలెన్సర్లకి వేరే పూల్ ఇవ్వండి, నేమ్‌స్పేస్‌కొక కోటా పెట్టి ఆ రకం సర్వీసులు సున్నా అనండి. రిసోర్స్ కోటాలో దానికి విడిగా లెక్కే ఉంది.

ఎస్‌నాట్ అసలే వద్దనుకుంటే నేమ్‌స్పేస్ మీద 'నో ఎస్‌నాట్' యానోటేషన్ (తగిలించే చీటీ లాంటిది) పెట్టే వీలుంది, దానికి ఎస్‌నాట్ లేని బ్లాకు వేరే ఉండాలి. ఇక్కడ రెండు చోట్ల కాలు జారుతుంది. ట్రూ అన్న విలువ కొటేషన్ గుర్తుల మధ్య ఉండాలి. యానోటేషన్ విలువ అక్షరాల్లోనే ఉండాలి కాబట్టి ఆ గుర్తులు లేకపోతే యామిల్ దాన్ని బూలియన్ (అవును/కాదు విలువ) అనుకుంటుంది, ఏపీఐ సర్వర్ తిప్పి కొడుతుంది. ఆ గుర్తులు కూడా కీబోర్డు మీది నిటారు గుర్తులే అయి ఉండాలి. వాట్సాప్ గ్రూపులో యామిల్ పంపుకునే అలవాటు ఈ జిల్లాల్లో ఎవరు మొదలుపెట్టారో గానీ, దారిలో ఎక్కడో అవి వంకర గుర్తులయిపోతాయి, కొన్నిసార్లు లైను మొదట్లో ఉండే ఖాళీలు కూడా ఎగిరిపోతాయి. ఫైలుగా పంపండి, లేదా గిట్‌లో పెట్టండి. ఫోను స్క్రీన్‌షాట్ చూసి టైపు చేయించే మాస్టార్లకి వేరే నమస్కారం.

రెండోది ఇంకా ముఖ్యం. ఆ యానోటేషన్ నేమ్‌స్పేస్ పుట్టేటప్పుడే దాని మీద ఉండాలి. నెట్‌వర్కు నిర్ణయం పురిట్లోనే జరిగిపోతుంది. తరవాత తీరిగ్గా తగిలిస్తే పాత సబ్‌నెట్ మారదు. 'ముందు నేమ్‌స్పేస్ చేసేద్దాం, లేబుళ్లు తరవాత పెట్టుకోవచ్చు' అన్న అలవాటు మిగతా పనులకి నడుస్తుంది, నెట్‌వర్కు దగ్గర నడవదు.

ఓపెన్‌షిఫ్ట్ (రెడ్ హ్యాట్ వాళ్ల కుబర్నెటీస్) వాడేవాళ్లకి ఇదే పాఠం ఇంకా గట్టిగా ఉంటుంది. వెర్షన్ 4.18 నుంచి అక్కడ ఓవీఎన్ (దాని నెట్‌వర్కు సాఫ్ట్‌వేర్) మీద యూజర్ డిఫైన్డ్ నెట్‌వర్కులు, అంటే మనమే కట్టుకునేవి, పూర్తి స్థాయిలో వచ్చాయి. నేమ్‌స్పేస్‌కి సొంత ప్రైమరీ నెట్‌వర్కు కావాలంటే 'కె8ఎస్.ఓవీఎన్.ఆర్గ్/ప్రైమరీ-యూజర్-డిఫైన్డ్-నెట్‌వర్క్' అన్న లేబులు పుట్టుకతోనే ఉండాలి, విలువ ఖాళీగా వదిలేయొచ్చు. తరవాత చేర్చనివ్వదు. నేమ్‌స్పేస్ తరవాత నెట్‌వర్కు ఆబ్జెక్టు, అది రెడీ అయ్యాకే పాడ్‌లు. లేబులు పెట్టి నెట్‌వర్కు చేయడం మరిచిపోతే పాడ్‌లు మళ్లీ ఆ 'కంటెయినర్ క్రియేటింగ్' దగ్గరే. క్లస్టర్ స్థాయి రకం వాడితే సెలెక్టరుకి సరిపోయిన ప్రతి నేమ్‌స్పేస్‌లోనూ నెట్‌వర్కు అటాచ్‌మెంటు డెఫినిషన్ (పాడ్‌లని ఏ నెట్‌వర్కుకి కలపాలో చెప్పే రికార్డు) తానే పెడుతుంది. గుర్తుంచుకోండి, సెలెక్టరుకి సరిపోయిన నేమ్‌స్పేస్‌లన్నీ ఒకే నెట్‌వర్కు మీదకొస్తాయి. 24 జట్లకీ ఒకే సెలెక్టరు ఇచ్చి 'విడివిడిగా ఉన్నాయి' అనుకుంటే పప్పులో కాలేసినట్టే.

అక్కడ ఇంకో చిత్రం. అలాంటి పాడ్‌లోకెళ్లి చూస్తే ఇంటర్‌ఫేసులు రెండుంటాయి: ఈత్0, ఓవీఎన్-యూడీఎన్1. అసలు రాకపోకలన్నీ రెండోదాని మీద. మొదటిది క్యూబ్‌లెట్ (నోడ్ మీద పాడ్‌లని నడిపే ప్రోగ్రాం) ఆరోగ్య పరీక్షల కోసం. పాడ్ జాబితాలో కనిపించే ఐపీ మాత్రం మొదటిదానిది. పక్క పాడ్‌నుంచి దాన్ని పింగ్ చేసి, రాలేదని నెట్‌వర్కుని తిట్టుకునేవాళ్లున్నారు. అసలు ఐపీ పాడ్ యానోటేషన్లలో నెట్‌వర్కు స్టేటస్ కింద ఉంటుంది.

యాప్‌లని క్లస్టర్‌లో పెట్టే హెల్మ్ అన్న సాధనంలో 'క్రియేట్ నేమ్‌స్పేస్' ఫ్లాగు వాడేవాళ్లకి కూడా ఒక మాట. అది నేమ్‌స్పేస్ చేస్తుంది, మీ లేబుళ్లు పెట్టదు. పైన చెప్పిన పురిటి లేబులు కావలసిన చోట ఆ ఫ్లాగు పనికిరాదు. నేమ్‌స్పేస్ యామిల్ విడిగా రాసి ముందు వేయండి. గిట్‌లో ఉన్నదాన్ని క్లస్టర్‌లోకి తెచ్చే ఆర్గో సీడీలో అయితే సింక్ పాలసీ కింద నేమ్‌స్పేస్ మెటాడేటా ఇచ్చే చోటుంది.

అసలు అడగాల్సిన ప్రశ్న మీరడగలేదు, నేనే అడుగుతాను: ఒక ల్యాబులో 24 జట్లకి 24 సెగ్మెంట్లు ఎందుకండీ? 'నేమ్‌స్పేస్ అంటే ఐసోలేషన్' అని కోచింగుల్లో నూరిపోస్తారు కాబట్టి. మామూలు కుబర్నెటీస్‌లో నేమ్‌స్పేస్ నెట్‌వర్కుని ఏమీ విడదీయదు. మూడో జట్టు పాడ్ ఏడో జట్టు డేటాబేసుతో నిక్షేపంగా మాట్లాడగలదు. ఇంకో సంగతి, మీ ఎన్‌ఎస్‌ఎక్స్‌లో కూడా సెగ్మెంటు వేరైనంత మాత్రాన తలుపు మూయబడదు. రూటర్లు పైన కలిసే ఉన్నాయి. ఆపేది ఫైర్‌వాల్, దానికి రాయాల్సింది నెట్‌వర్క్ పాలసీ (ఏ పాడ్ దేనితో మాట్లాడొచ్చో చెప్పే నియమాలు). ఎలాగూ పాలసీ రాయక తప్పదన్నప్పుడు అందరినీ ఒకే నెట్‌వర్కు మీద ఉంచి పాలసీతో విడదీయడమే విద్యార్థుల ల్యాబుకి చవక. సొంత సబ్‌నెట్, సొంత ఎస్‌నాట్ ఐపీ ఎక్కడ కావాలంటే, బయటి ఫైర్‌వాల్‌వాడు 'ఏ యాప్ ఏ అడ్రసు నుంచి వస్తుందో చెప్పు' అని అడిగే చోట. బ్యాంకుల్లో అడుగుతారు. మీ ల్యాబులో ఎవరడుగుతారు?

పాలసీ రాసేటప్పుడు అన్నీ మూసేసి డీఎన్‌ఎస్ (పేరు చెబితే ఐపీ వెతికిచ్చేది) మరిచిపోకండి. బయటికెళ్లేదాన్ని కూడా మూస్తే 53 పోర్టు యూడీపీ, టీసీపీ రెండూ క్యూబ్-సిస్టమ్ వైపు తెరవాలి. ఆ నేమ్‌స్పేస్‌ని ఎంచుకోడానికి కొత్త లేబులేమీ తగిలించక్కర్లేదు, కుబర్నెటీస్ 1.21 నుంచి ప్రతి నేమ్‌స్పేస్ మీదా దాని పేరే 'కుబర్నెటీస్.ఐఓ/మెటాడేటా.నేమ్' లేబులుగా ఉంటుంది. ఓపెన్‌షిఫ్ట్‌లో అయితే డీఎన్‌ఎస్ పాడ్‌లు వినేది 5353 మీద, ఉండేది ఓపెన్‌షిఫ్ట్-డీఎన్‌ఎస్‌లో. 53 తెరిచి కూర్చుంటే పేర్లు దొరకవు.

మరో జబ్బు కూడా మీ ల్యాబులో పొంచి ఉండొచ్చు: పాడ్‌కి ఐపీ వస్తుంది, పింగ్ పోతుంది, కానీ వెబ్ పేజీ సగంలో వేలాడుతుంది. అది ఎంటీయూ, అంటే ఒక్క ప్యాకెట్టు ఎన్ని బైట్ల దాకా ఉండొచ్చన్న హద్దు. పాడ్ ప్యాకెట్టుని నోడ్‌ల మధ్య మోసే జెనీవ్ టన్నెల్ దానికి తన హెడరు కూడా చుడుతుంది కాబట్టి కింద స్విచ్చుల్లో కనీసం 1600 ఉండాలి. పాత ల్యాబు స్విచ్చులు 1500 దగ్గరే ఉంటాయి. హోస్టు నుంచి హోస్టుకి టన్నెల్ ఇంటర్‌ఫేసు మీద, ముక్కలు చేయొద్దని చెప్పి, 1572 బైట్ల పింగ్ పంపండి. హెడర్లు 28 కలిస్తే సరిగ్గా 1600. అది పోకపోతే స్విచ్చు దగ్గరికెళ్లండి, క్లస్టర్‌ని ముట్టుకోకండి.

చివరిగా, 12 నుంచి ఆగిపోయిన నేమ్‌స్పేస్‌లని ఇప్పటికే రెండు మూడుసార్లు చెరిపి మళ్లీ చేశానన్నారు. ఇక వద్దు. చెరిపితే వాటి దగ్గర తిరిగి రావడానికి సబ్‌నెట్టే లేదు, వచ్చేదేమీ లేదు. అదే పేరుతో మళ్లీ చేసినా యూఐడీ (లోపలి గుర్తింపు నంబరు) కొత్తది, ఎన్‌సీపీకి అది కొత్త బిడ్డే. టెర్మినేటింగ్‌లో ఇరుక్కున్నదానికి ఫైనలైజర్ (శుభ్రం చేసే పని అయ్యేదాకా చెరపనివ్వని గుర్తు) చెరిపేసే చిట్కా ఎవరైనా చెబితే, ఎన్‌సీపీ నడుస్తోందో లేదో చూసుకుని గానీ చేయకండి. రెండో బ్లాకు చేర్చి, పూల్ పెంచి, ఎన్‌సీపీని రీస్టార్ట్ చేశాక అది లేస్తూనే ఉన్న నేమ్‌స్పేస్‌లన్నీ తిరగేసి నెట్‌వర్కు లేనివాటికి కడుతుంది. పాడ్‌లని కూడా చెరపక్కర్లేదు, క్యూబ్‌లెట్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూనే ఉంటుంది. ముందు పన్నెండో జట్టు పాడ్ ఒక్కటి పట్టుకుని చూడండి. కొత్త బ్లాకులోని ఐపీ (172.20.16 నుంచి 172.20.31 లోపు దేనితోనైనా మొదలయ్యేది) కనిపిస్తే, మిగతా జట్లని ల్యాబులోకి పిలవొచ్చు.